నాలుగు వందల పదిహేడు

ఆరు రోజుల పసిపిల్ల చీటీ తెరిస్తే
మోకాళ్ళ నొప్పుల మందు రాసి ఉంది.
బరువు డెబ్బై రెండు కిలోలు.
పొగతాగే అలవాటు: ఉంది.

కాస్త్రో రేవులో, వాన కారే రేకుల కింద
నర్సు ఎదెల్మీరా టాబ్లెట్ నా మొహాన పెట్టింది.
"యాస్నా, నీ లెక్కల పెట్టె ఏం తాగి రాసిందిది?"

పెట్టె తప్పు కాదు, నాదే.
ఆ పొద్దున రెండు వైద్యం పడవలు వెళ్ళాయి,
ఒకటి కెనాక్‌కి, ఒకటి మెచూకెకి.
చిలోయే దీవుల మధ్య సిగ్నల్ ఉండదు, మంచు ఉంటుంది.
ఇద్దరికీ తెలిసిన ఆఖరి అంకె నాలుగు వందల పదహారు.
ఇద్దరూ బుద్ధిగా ఒకటి కలిపారు.
అక్కడ ముసలి ఒవీదియో,
ఇక్కడ ఇంకా పేరు పెట్టని పిల్ల.
సాయంత్రం వెనక వచ్చిన పడవ
ముందొచ్చిన దాని మీద రాసేసింది,
చప్పుడు లేకుండా, పలక మీద తడిగుడ్డలా.

ఆ రాత్రి కట్టెల పొయ్యి దగ్గర కూచున్నాను.

పేరుతో గుర్తు కడదామా?
బుతచౌకెస్‌లో సగం మంది చిగ్వాయ్‌లు,
మిగతా సగం చిగ్వాయ్‌లని చేసుకున్నవాళ్ళు.

ఊరూ ఇల్లూ కలిపి?
మామయ్య హెర్మోహెనెస్ పడీ పడీ నవ్వాడు.
"పోయిన మార్చిలో రాయిన్ వాళ్ళ ఇంటిని
దుంగల మీదకెక్కించి, ఎడ్లు కట్టి, నీళ్ళలో దించి
పడవలతో అవతలి ఒడ్డుకి లాక్కెళ్ళాం.
కిటికీ తెరలు కూడా విప్పలేదు.
ఇల్లే ఈదుతుంటే చిరునామా ఎక్కడ నిలుస్తుందే?"

గడియారంతో?
బ్యాటరీ చచ్చి లేచిన టాబ్లెట్
తను డెబ్బయ్యో సంవత్సరం జనవరిలో ఉన్నాననుకుంటుంది.

పడవకి వెయ్యి చొప్పున ముందే పంచితే
టీకాల రోజు ఒకరికి చాలవు,
ఇంకొకరి దగ్గర మూలుగుతుంటాయి.

ఇక మిగిలింది గవ్వలు విసరడమే.
ఎవరినీ అడగకుండా, ఎవరి పడవలో వాళ్ళు
ముప్ఫై రెండు గవ్వలు,
ఒక్కోటీ పదహారు రకాలుగా పడే గవ్వలు.

వారం తిరక్కుండా ఎదెల్మీరా మళ్ళీ వచ్చింది.
"రేడియోలో చదివాను. ఏడు, బి, సున్నా...
సున్నానా, ఓ-నా అంటాడు ఆసుపత్రివాడు.
ఇది పూర్తిగా చదివేలోపు పిల్ల బళ్ళో చేరుతుంది."

పుస్తకానికీ ఒళ్ళు నొప్పులే:
నిన్నటి చీటీ మొదటి పేజీలో, ఇవాళ్టిది నడుమెక్కడో,
ప్రతి రాతకీ మొత్తం తిరగెయ్యాలి.

సరే, ముందు కాస్త కాలం, వెనక గవ్వలు.
గడియారం అబద్ధమాడితే వరస చెడుతుంది,
మనిషి చెరిగిపోడు.
ఒకదాన్నొకటి పోలిన అక్షరాలు తీసేశాను.
ఎవరు ఏ రోజు పడవెక్కారో ఆ ముందు ముక్క చెప్పేస్తుంది,
దాన్ని కవర్ల మీద అచ్చెయ్యొద్దన్నాను.

"రెండు పడవల్లోనూ గవ్వలు ఒకేలా పడితే?"
"పడవు."
"అలా అనకు. కవలలు కానే కాదన్న ఇంట్లో
రెండో పిల్లని ఈ చేతుల్తోనే పట్టాను."

అప్పుడు రాశాను, అన్నిటికన్నా పొట్టి వాక్యం:
ఈ గుర్తు మీద ఎవరైనా ఉంటే రాయకు, ఆగి అడుగు.
మొదటి రోజే ఇది రాసుంటే
ఆ పాత అంకెలే ఇద్దరినీ కాచేవి.
ఈ మాట మామయ్యకి చెప్పలేదు.

ఒవీదియో కొత్త గుర్తు చూసి పెదవి విరిచాడు.
"పాత అంకె పిల్లకిచ్చెయ్యండి."
ఎవరికీ ఇవ్వం తాతా, అదలా ఖాళీగా ఉంటుంది.

పిల్లకిప్పుడు పేరుంది, రొసాల్బా.
తక్కెట్లో కాళ్ళు తంతోంది, మూడు కిలోల ఆరువందలు.
ఆ ఆరో రోజు ఎంతుందో?
"మూడూ నూటయాభై, నాకు గుర్తే" అంది ఎదెల్మీరా.
గుర్తే.
ఆ గడి మాత్రం ఖాళీగా వదిలాను.